పని అడిగిన సౌదీ ఇంజనీరు

మా కంపెనీలో తొమ్మిదిమంది సౌదీలు పనిచేసేవాళ్లు. వాళ్లలో ఒక్కరూ ఆఫీసులో కూర్చుని పనిచేయడం నేను చూడలేదు. కనబడకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

గల్ఫ్‌లో పర్సనల్ ఆఫీసర్లుగా చేరబోయే కుర్రవాళ్లు ఈమధ్య ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చి, "సార్, ఏమేం నేర్చుకోని పోవల్ల?" అని అడుగుతున్నారు. లేబర్ చట్టం ఎలాగూ చదువుతారు, కంప్యూటర్ ఎలాగూ వస్తుంది. ఆ రెండింటిలో లేనిది, నా చేతుల మీదుగా జరిగినది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా గొప్ప తక్కువ. నాకు వచ్చిన ఇంక్రిమెంట్ల సంగతి మా ఆవిడకు చెప్పుకున్నాను, మీకు అక్కర్లేదు.

కాగితం మీద ఎవరు ఎవరు

నా పేరు మస్తాన్ వలి. దూదేకుల వాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బొంబాయి ఏజెంటు నా పేరు చూసి నాకు ఉర్దూ, అరబీ దంచి కొట్టినట్టు వస్తాయనుకుని పర్సనల్ శాఖకు పంపాడు. నమాజులో చదివే నాలుగు సూరాలు తప్ప నాకు అరబీ రాదని సౌదీలోని యాన్బులో దిగాకే వాళ్లకు తెలిసింది. అప్పటికి టికెట్టు ఖర్చయిపోయింది కాబట్టి ఉంచుకున్నారు. ఎర్రసముద్రం ఒడ్డున రిఫైనరీలకూ కెమికల్ ప్లాంట్లకూ టెక్నీషియన్లను సరఫరా చేసే కాంట్రాక్టు కంపెనీ అది. అక్కడ ఇరవై ఎనిమిదేళ్లు చేశాను, అరబీ అక్కడే నేర్చుకున్నాను.

ప్రతి కంపెనీలోనూ ఇంతమంది సౌదీలు ఉండాలని అక్కడ నియమం. సరిపడా ఉంటే కంపెనీ ఆకుపచ్చ, కాస్త తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు. ఎరుపులో పడితే కొత్త వీసాలు రావు, ఉన్నవాళ్ల ఇఖామాలు రెన్యువల్ కావు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు. అది చెల్లిపోయినవాడు వీధి చివరి దుకాణానికి వెళ్లి రొట్టె కొనుక్కోవడానికి కూడా జంకుతాడు.

నియమంలో తప్పేమీ లేదు. తన పిల్లలకు పని దొరకాలని ఏ దేశమైనా కోరుకుంటుంది. దాన్ని మేం పాటించిన తీరే వేరు. ఎవరి తమ్ముడో, ఎవరి మేనల్లుడో, కాలేజీలో చదువుకుంటున్న కుర్రవాడో, పేరు ఇస్తే చాలు. రిజిస్టరులో రాసుకునేవాళ్లం. జీతం నెలనెలా బ్యాంకులో పడేది. షరతు ఒక్కటే: ఆఫీసుకు రాకూడదు. వస్తే కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు, చెప్పడానికి పని లేదు. ఒకసారి వాళ్లలో ఒకతను దారి తప్పి మా ఆఫీసుకే వచ్చి, ఫలానా కంపెనీ ఎక్కడని నన్నే అడిగాడు. అతను మా సేల్స్ అసిస్టెంటని తర్వాత రిజిస్టరు చూస్తే తెలిసింది.

ఇంకో నియమం, పర్సనల్ శాఖ ఉద్యోగాలు సౌదీలకే. అందుకని నా ఇఖామా మీద నేను గిడ్డంగి గుమాస్తాను. తనిఖీ వాళ్లు వస్తున్నారని గేటు నుంచి ఫోను రాగానే నేను గోడౌనుకి పరిగెత్తి వాల్వుల పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. అన్నేళ్లలో అవే పెట్టెలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో. లెక్క ఏనాడూ కుదరలేదు.

మా క్వాలిటీ ఇంజనీరు అష్రఫ్‌ది ఈజిప్టు. అతను వచ్చిన ఏడు మా దగ్గర వడ్రంగి వీసాలు మాత్రమే మిగిలాయి, కాబట్టి కాగితం మీద అతను వడ్రంగి. "మా ఊళ్లో ఇంజనీర్లు ఎంతమంది అంటే, టాక్సీ ఎక్కితే డ్రైవరు దారిలో ప్రతి బ్రిడ్జికీ లోపాలు చెబుతాడు. అక్కడ టాక్సీ నడిపే ఇంజనీరుగా ఉండటం కన్నా ఇక్కడ మేకు కొట్టడం రాని వడ్రంగిగా ఉండటం మేలు," అనేవాడు.

ఈ ఏర్పాటుకంతా సూత్రధారి మా జనరల్ మేనేజరు మునీర్. జోర్డాన్ మనిషి. కంపెనీ రంగు ఆకుపచ్చగా ఉంటే ఆయన మొహం కూడా వికసించేది. ఇద్దరు కొడుకులనూ కెనడాలో చదివించి అక్కడే స్థిరపరిచాడు. యువకులు స్వదేశంలో ఉండి సేవ చేయాలని మీటింగుల్లో చెప్పడం ఆయనకు ఇష్టం.

రానక్కర్లేని ఉద్యోగం

ఒక ఏడు వేసవికి ముందు మా తొమ్మిదిమందిలో ఒకతను నిజంగా ఉద్యోగం దొరికి మానేశాడు. రంగు పసుపుకు తిరిగింది. మునీర్ నన్ను పిలిచి, "ఈ వారంలో ఒక పేరు కావాలి హబీబీ," అన్నాడు. మనిషి కావాలనలేదు.

అలా వచ్చింది నూరా. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాసై రెండేళ్లయింది. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా, చేతిలో ఫైలు. అందులో డిగ్రీ, మార్కులు, కాలేజీలో చేసిన ప్రాజెక్టు బొమ్మలు అన్నీ వరసగా ఉన్నాయి. నేను ఐడీ కార్డు ఒక్కటే జిరాక్సు తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాను.

"ఎన్నింటికి రావాలి?" అంది.

"రానక్కర్లేదు."

"ఎప్పటినుంచి రానక్కర్లేదు?"

"మొదటి రోజు నుంచే."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోప్పడలేదు. "మరి నా పని ఏమిటి, మిస్టర్ మస్తాన్?" అంది.

అప్పటిదాకా ఎంతోమందిని రాసుకున్నాను కానీ ఆ మాట ఎవరూ అడగలేదు. "ఇంట్లో ఉండటం," అన్నాను.

"అది నేను రెండేళ్లుగా జీతం లేకుండానే చేస్తున్నాను," అని, హోదా ఇంకా నింపని ఫారం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

అక్కడ వారం మొదలయ్యే ఆదివారం ఉదయం ఏడింటికి నేను ఆఫీసు తాళం తీస్తుంటే వెనక నిలబడి ఉంది. కాళ్లకు సేఫ్టీ బూట్లు. తనే కొనుక్కుందట.

మునీర్‌కి చెబితే నవ్వాడు. "కుర్చీ వెయ్యి. పని మాత్రం ఇవ్వకు. మూడు రోజుల్లో విసుగు పుట్టి ఇంటికి పోతుంది." నేనలాగే చేశాను. రిసెప్షన్ మూల, ఏసీ గాలి తగలని చోట, ఒక చెయ్యి విరిగిన కుర్చీ వేయించాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం సిగ్గు అనిపించలేదు. తెలివి అనిపించింది.

మూడు రోజులు కాదు, పదకొండు రోజులు కూర్చుంది. గోడ మీది నోటీసులు, నిప్పార్పే సిలిండర్ల మీది సూచనలు, పాత ఇన్‌స్ట్రుమెంట్ల మాన్యువల్స్ అన్నీ చదివింది. పన్నెండో రోజు కుర్చీ ఖాళీ. హమ్మయ్య అనుకుని మునీర్‌కి శుభవార్త చెప్పాను. మధ్యాహ్నం నమాజు తర్వాత ఎందుకో వెనక వర్క్‌షాపు వైపు వెళితే, అక్కడ చేతులకు గ్లోవ్స్ వేసుకుని ప్రెషర్ గేజు విప్పుతూ కనిపించింది.

నేర్పిస్తే ఒక బాధ, నేర్పకపోతే ఒక బాధ

వర్క్‌షాపు నర్సింలుది. జగిత్యాల పక్క పల్లె. గేజులూ ట్రాన్స్‌మిటర్లూ సరిగా చూపుతున్నాయో లేదో పరీక్షించి సరిచేయడం అతని పని. పదో తరగతి దాటలేదు గాని, గేజును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. అతన్ని బయటికి పిలిచాను.

"ఏం నర్సింలూ, ఆయమ్మ ఈడేం చేస్తాండాది?"

"నేను రమ్మన్లే సార్. ఆమెనే అచ్చింది. గేజు మీద బరువులెందుకు వెడ్తున్నవని అడిగింది. జెప్పిన. మల్ల ఇంకోటి అడిగింది. గదీ జెప్పిన."

"ఎందుకు చెప్పినావు?"

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నేను గూడ గదే ఆలోచన జేస్తున్న సార్. నేర్పిస్తే, ఆమెకు పనొచ్చిందని రేపు నన్ను ఇంటికి పంపుతరు. నేర్పియ్యకుంటే ఆమె మొఖం జూడబుద్ధయితలేదు. మా బిడ్డ గూడ గదే కరెంటు ఇంజనీరింగ్ సదివింది. హైదరాబాద్‌ల ఫోన్లెత్తుకుంట కూసుంటది. ఒక్కనాడన్న ఎవలైన పాన చేతుల వెట్టిన్రా దానికి? మీరే జెప్పున్రి, నేర్పియ్యాల్నా వద్దా?"

పర్సనల్ ఆఫీసర్లు ఇచ్చే జవాబు ఒకటుంది, అదే ఇచ్చాను. "నేర్పించు. కానీ నిదానంగా నేర్పించు."

నర్సింలు నిదానంగా నేర్పడానికి ప్రయత్నించాడు గానీ ఆమె నిదానంగా నేర్చుకోలేదు. అతనికి హిందీ, ఆమెకు అరబీ, ఇద్దరికీ ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. మధ్యలో తెలుగు కూడా దొర్లేది. రెండు నెలలకు ఆమె, "నర్సిం, ఇది సక్కగ లేదు," అనడం విన్నాను. గేజు సక్కగానే లేదు.

మధ్యాహ్నం మాత్రమే తప్పే లెక్క

మా టెక్నీషియన్లు పనిచేసే కెమికల్ ప్లాంటులో ఒక టాంకు ఉండేది. అందులో సరుకు ఎంత ఎత్తున ఉందో చూపే పరికరం పొద్దున సరిగా చూపేది, మధ్యాహ్నానికి తప్పేది. నర్సింలు మూడుసార్లు పరికరం మార్చాడు. చివరికి ప్లాంటు వాళ్లు నెదర్లాండ్స్ నుంచి, ఆ పరికరం తయారుచేసిన కంపెనీ ఇంజనీరును పిలిపించారు. అతని పేరు పీటర్. రెండు రోజులు ల్యాప్‌టాప్ పెట్టుకుని చూసి, మొత్తం సెట్టు మార్చాలన్నాడు. మారిస్తే, ఇన్నాళ్లూ లోపం పట్టలేదని ఆ నెల మా కాంట్రాక్టు పోయేటట్టుంది.

నూరా తనకు గేటు పాసు ఇప్పించమని నన్ను అడిగింది. పోతే ఆఫీసులో కనిపించదు గదా అని ఇప్పించాను. నా జీవితంలో చేసిన మంచి పనుల్లో సగం ఇలాంటి కారణాలతో చేసినవే.

ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కూలీలూ టెక్నీషియన్లూ ఎండలో పనిచేయకూడదని అక్కడ రూలు. కాబట్టి పరికరం తప్పు చూపే వేళకు దాని దగ్గర ఎప్పుడూ ఎవరూ లేరు. పీటర్ కూడా ఏసీ గదిలో ఉండేవాడు. నూరా మట్టుకు గొడుగు పట్టుకుని ఒంటిగంటకు టాంకు దగ్గరికి వెళ్లి నిలబడింది. పరికరానికి టాంకు పైనుంచీ కిందినుంచీ రెండు సన్నటి గొట్టాలు వస్తాయి, వాటినిండా నూనె. ఆ వేళకు ఒక గొట్టం టాంకు నీడలో ఉంది, రెండోది మండే ఎండలో ఉంది. ఎండలో ఉన్న గొట్టంలో నూనె వేడికి ఉబ్బి అబద్ధపు ఒత్తిడి చూపిస్తోంది. అంతే.

మూడు దాటగానే ఆమె నర్సింలు చేత ఒక రేకు తెప్పించి ఆ గొట్టానికి అడ్డం పెట్టించింది. అరగంటలో అంకె దిగి సరైన చోటికి వచ్చింది. పీటర్ బయటికొచ్చి రేకును చూశాడు, అంకెను చూశాడు, ఆమెను చూశాడు. "మీ డిజిగ్నేషన్ ఏమిటి?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు," అంది నూరా.

నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు, కానీ నేనూ చెప్పలేదు.

తనిఖీ

ఆమెకు తెలిసింది తనిఖీ రోజున. ఆ వేళ గేటు నుంచి ఫోను ఆలస్యంగా వచ్చింది. నేను గోడౌను చేరి మొదటి పెట్టె మీద చెయ్యి వేసేసరికి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వెనకే వచ్చారు. పెద్దాయన ట్యాబ్ చూసి, "మీ పర్సనల్ మేనేజరు నూరా ఎక్కడ?" అన్నాడు.

మీరు ఊహించే ఉంటారు. పర్సనల్ మేనేజరు సౌదీ అయి ఉండాలి, మానేసినవాడు ఆ పోస్టులో ఉన్నవాడు, కాబట్టి ఆమెను ఆ కుర్చీలో రాశాను. నేను ఐడీ కార్డు ఒక్కటే జిరాక్సు తీసుకున్నది అందుకే. ఏడు నెలలుగా ఆమె పర్సనల్ మేనేజరు. ఆమెకు ఆ విషయం తెలియదు.

నూరా వర్క్‌షాపు నుంచి వచ్చింది. గ్లోవ్స్ మీద గ్రీజు.

"మీరు ఇక్కడ పర్సనల్ మేనేజరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె నా వైపు తిరిగింది. నేను వాల్వు పెట్టె కౌగలించుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాను. కాదు అంటే చాలు, కంపెనీకి జరిమానా, నాకు తిరుగు విమానం.

"కంపెనీ అలా రాసి ఉంటే, అవును," అంది.

"మేనేజర్లు చేతులు ఇలా మురికి చేసుకుంటారా?"

"ఇక్కడ చేసుకుంటారు."

ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు. మా కంపెనీలో స్థానిక మహిళలకు నాయకత్వ స్థానం ఇచ్చారని రాసుకుని వెళ్లాడు. మునీర్ ఆ వారం స్వీట్లు పంచాడు.

వాళ్లు వెళ్లాక నూరా నా బల్ల దగ్గరికొచ్చింది. "మిస్టర్ మస్తాన్, మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"వాళ్ల పేరు పక్కన ఎవరైనా ఇలా రాస్తే మీరేం చేస్తారు?" అని, నేను మాట్లాడేలోపే, "రికార్డు మార్చండి. నేను చేసే పని ఏదో అదే రాయండి," అంది.

"బుక్రా," అన్నాను. బుక్రా అంటే రేపు.

నా బుక్రా

ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎవరినీ కొట్టకుండా, తిట్టకుండా, మంచిమాట మాట్లాడుతూనే ఒక మనిషి దారి మూసేయగల శాఖ మనది. మనకు కత్తి అక్కర్లేదు, బుక్రా చాలు.

ఆమె రికార్డు మారిస్తే పర్సనల్ మేనేజరు పోస్టుకు ఇంకో పేరు వెతకాలి. దొరికేదాకా నా తల మీద కత్తి. అందుకని మార్చలేదు. వారానికోసారి అడిగేది. నేను వారానికోసారి ఒక కొత్త కారణం చెప్పేవాణ్ణి. సిస్టమ్ పనిచేయలేదనీ, మునీర్ ఊళ్లో లేడనీ, పాస్‌వర్డు లాక్ అయిందనీ.

ఈలోపు టాంకున్న ఆ ప్లాంటులోనే ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు ఉద్యోగం పడింది. సౌదీలకే. ఆమె కోసమే అచ్చు వేసినట్టుంది. పరీక్షలో మొదటి వరసలో నిలిచిందట. చివరికి ప్రభుత్వ బీమా రికార్డులో అనుభవం చూశారు. పర్సనల్ మేనేజరు అని ఉంది. నిజంగా చేసిన పని ఇదీ అని కంపెనీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు, మూడు రోజుల గడువిచ్చారు.

మొదటి రోజు, రెండో రోజు బుక్రా అన్నాను. మూడో రోజు ధైర్యం చేసి మునీర్‌ని అడిగాను.

"నీకు మతిపోయిందా హబీబీ? ఆమె పర్సనల్ మేనేజరు కాదని మన లెటర్‌హెడ్ మీద మనమే రాసిద్దామా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం కనిపించింది నాకు. ఇలాంటి న్యాయం తొందరగా కనిపిస్తుంది. ఉత్తరం ఇవ్వలేదు. ప్లాంటు నుంచి ఆమెకు జవాబు వచ్చింది: ఇంజనీరుగా అనుభవం చాలదు, పర్సనల్ శాఖలో ఖాళీ వస్తే తప్పక కబురు చేస్తాం.

ఆమె ఆ జవాబు నాకు చూపించింది. అరవలేదు. ఆ మధ్యాహ్నం వర్క్‌షాపుకు కూడా వెళ్లలేదు. ఆ విరిగిన కుర్చీలో కూర్చుని ఐదింటిదాకా గోడ చూసి వెళ్లిపోయింది. మర్నాడు టీ దగ్గర నర్సింలు, "సార్, మీరు ఆమెకు జేసింది మంచిగ లేదు," అన్నాడు. అంతకుముందూ ఆ తర్వాతా అతను నన్ను తప్పుపట్టింది లేదు.

గిడ్డంగి గుమాస్తా ఇచ్చిన సర్టిఫికెట్

నెలన్నర తర్వాత పీటర్ కంపెనీ నుంచి ఆమెకు పిలుపొచ్చింది. నెదర్లాండ్స్‌లో ఒక రేవు ఊళ్లో ఉద్యోగం. వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. బల్ల మీద పరికరం పెట్టి, ఏం తప్పుందో చెప్పమన్నారు. ఆమె చెప్పింది. ఆ తర్వాత మామూలుగా అందరూ చేసేదే చేశారు, పాత కంపెనీ పర్సనల్ మేనేజరు అభిప్రాయం కోరుతూ ఈమెయిల్ పంపారు.

రికార్డు ప్రకారం పర్సనల్ మేనేజరు ఈమెయిల్ ఎవరిది? నూరాది. నూరా గురించి నూరా అభిప్రాయం చెప్పాలని నూరాకే ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని నాకు పంపి, కింద రెండు వాక్యాలు రాసింది. "నా గురించి నేను సాక్ష్యం చెప్పలేను. ఈసారి బుక్రా అనకండి."

ఆ మధ్యాహ్నమే రాశాను. ఆమె ఏయే పరికరాలు చూసిందో, టాంకు దగ్గర ఏం కనిపెట్టిందో, నర్సింలును పక్కన కూర్చోబెట్టుకుని అడిగి అడిగి రాశాను. అతను, "ఆమె బాగుజేసిన ఆ మూడో వాల్వు సంగతి గూడ ఎక్కియ్యున్రి," అని వదలకుండా చెప్పాడు. చివర ఇలా రాశాను: రికార్డులో ఆమెను పర్సనల్ మేనేజరుగా రాసింది నేను. ఆ ఉద్యోగం ఆమె ఒక్కరోజూ చేయలేదు. చేసింది నేను. మునీర్ సంతకం అడగలేదు. నా సంతకం కింద నా ఇఖామాలో ఉన్న హోదానే వేశాను, గిడ్డంగి గుమాస్తా అని. ఒక ఇంజనీరుకు గిడ్డంగి గుమాస్తా ఇచ్చిన యోగ్యతాపత్రం చూసి ఆ దేశంలో ఏమనుకున్నారో తెలియదు. ఉద్యోగం ఇచ్చారు.

నన్ను ధైర్యస్థుణ్ణనుకోకండి. అప్పటికి నాకు రిటైరయ్యే వయసొచ్చింది, ఊళ్లో ఇల్లు కట్టేశాను, పిల్లలు స్థిరపడ్డారు. ధైర్యం అప్పటికి చౌకైంది కాబట్టి కొన్నాను. దాన్ని ఖరీదైనప్పుడు కొన్నవాళ్లను మీరు గౌరవించండి.

ఆమె రాజీనామా ఆన్‌లైనులో పెట్టేసింది. మునీర్ నన్ను పిలిచాడు. ఇంజనీరు పోయిందన్న బాధ ఆయన మొహంలో వెతికాను, లేదు. "మనిషి పోతే పోనీ హబీబీ, పేరు ఉంచలేకపోయావా? పేరుకు విమానం టికెట్టు అక్కర్లేదు గదా!" కంపెనీ మళ్లీ పసుపులోకి దిగింది. కారణం వెతుకుతూ వెతుకుతూ నా ఉత్తరం దాకా వచ్చాడు. నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రాకుండా దేశం వదలమనే వీసా, వేశాడు. రెండు నెలల గడువు. ఇంకా రెండేళ్లు చేద్దామనుకున్నాను.

ఆమె వెళ్లే ముందురోజు అష్రఫ్ టీ తాగుతూ అన్నాడు: "మేం మా ఊళ్లో పనిలేక ఇక్కడికొచ్చాం. ఈమె ఊళ్లో పనుంది. దాన్ని మనం ఆమెకు అందనివ్వలేదు." మనం అనే మాట అతను మర్యాదకు వాడాడు.

నూరా తండ్రి

ఆమె వెళ్లిన పదో రోజున, మధ్యాహ్నం రెండింటికి, పొడుగాటి తెల్లటి దుస్తుల్లో ఒక పెద్దాయన మా ఆఫీసుకొచ్చాడు. చేతిలో ఖర్జూరాల డబ్బా, అరబ్బుల కాఫీ గహ్వా ఉన్న ఫ్లాస్కు. "నూరా నాన్నని," అన్నాడు. పోర్టులో టగ్ బోటు నడిపి రిటైరైన మనిషి. పెద్ద పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చేవాడట. ఇలాంటి చేతులవాడు కొడితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ లేచి నిలబడ్డాను.

ఆయన కూర్చుని, రెండు చిన్న కప్పుల్లో గహ్వా పోసి, ఒకటి నాకిచ్చాడు. తర్వాత అడిగాడు.

"మా వీధిలో మీ దేశం వాళ్లు చాలామంది ఉంటారు. అంగడి మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఇంటివాళ్లతో గంటలు గంటలు మాట్లాడతారు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను. అంతసేపు ఏం మాట్లాడతారు?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు.

"నిన్న నా కూతురితో మాట్లాడాను. రెండు నిమిషాలు. బాగున్నావా అన్నాను, బాగున్నానంది. చలిగా ఉందా అన్నాను, ఉందంది. ఆ తర్వాత ఏం అడగాలో తెలియలేదు. మా ఇంట్లో ఎవరూ ఇంతకుముందు పని కోసం దేశం దాటలేదు. మీకు అలవాటు గదా, అందుకని వచ్చాను."

ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఆ విషయంలో నిపుణుడిగా అడగలేదు. గొంతు సవరించుకుని చెప్పాను. "మా అమ్మ మొదట తిన్నావా అని అడిగేది. తిన్నానంటే ఏం తిన్నావని అడిగేది. అది చెబితే, ఎవరు వండారని. ఉప్పు సరిపోయిందా అని. అలా పోతుంది. ఎప్పుడొస్తావని మాత్రం మొదటి మూడు నెలలు అడగకండి."

"అంతేనా?"

"అంతే. మిగతావి అడిగితే నేను అబద్ధాలు చెప్పాల్సి వచ్చేది."

ఆయన ఫోను తీసి నా బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కాడు. అక్కడ భోజనాల వేళ. నూరా ఎత్తింది. వెనక ఎక్కడో గాలి.

"తిన్నావా అమ్మా?"

"తిన్నాను నాన్నా."

"ఏం తిన్నావు?"

అవతల చప్పుడు లేదు. తిన్నవాళ్లు ఆ ప్రశ్నకు వెంటనే చెబుతారు, తిననివాళ్లు ఆలోచించుకుని చెబుతారు. క్యాంపుల్లో వేలసార్లు విన్నవాణ్ణి.

"అన్నం, చేప," అంది నూరా.

ఆయన ఫోను మీద అరచెయ్యి వేసి మూసి, నిజమేనా అన్నట్టు నా వంక చూశాడు. నేను నిజమేనని తల ఊపాను.

ఆయన చెయ్యి తీసి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని, "చేప ఎవరు వండారు?" అని అడిగాడు.